గేదె చేపిన పూట

చిన్నప్పటి నుంచీ నాకు వాసనల పట్టింపు ఎక్కువ. గుడివాడలో మా పుట్టింట్లో పాలు ప్యాకెట్లలో వచ్చేవి. కత్తెరతో మూల కత్తిరించి గిన్నెలో వంపుకుంటే పాలు, అంతే. వాటి వెనక ఒక గేదె ఉంటుందని తెలుసుగాని, ఆ గేదెకి పేడ ఉంటుందనీ, ఆ పేడ ఎవరో ఒకరు తియ్యాలనీ, ఆ ఎవరో ఒకరు రేపు నేనే కావచ్చనీ నా బుర్రకి తట్టలేదు. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "గొడ్డూ గోదా ఉన్న ఇల్లమ్మా మాది, పర్వాలేదా?" అన్నారు. నేను తల ఊపాను. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల దేనికైనా తల ఊపుతుంది.

తొంభైల నడిమి రోజులవి. మా అత్తగారి ఊరు బంటుమిల్లి దాటాక కాలవ గట్టు వెంబడి లోపలికి వెళ్తే వస్తుంది. నేను కాపురానికి వెళ్ళేనాటికే ఊళ్ళో సగం పొలాలు రొయ్యల చెరువులైపోయాయి. చెరువు గట్ల మీద మేత మొలవదు. వరిగడ్డి కావాలంటే పక్కూళ్ళ నుంచి తెచ్చుకోవాలి. గొడ్ల పాకలు ఒక్కొక్కటీ ఖాళీ అయి, వాటిలో చెరువు మేత బస్తాలు చేరుతున్న కాలం. మా పాకలో కూడా ఒక్క గేదే మిగిలింది. అది ఇంటి గేదె కాదు, మా అత్తగారి గేదె. హంసలదీవి వైపున్న ఆవిడ పుట్టింటివారు పెళ్ళిలో అరణంగా ఇచ్చిన పెయ్య సంతానంలో అది ఎన్నో తరమో. పొలం మావయ్యగారిది, ఇల్లు మావయ్యగారిది, బీరువా తాళాలు కూడా ఆయనవే. ఆవిడ నాది అని అనగలిగింది ఆ గేదె ఒక్కటే.

దానికి ఉన్నన్ని మర్యాదలు ఇంటికొచ్చిన కొత్తకోడలికి లేవని నాకు మొదటి వారంలోనే అర్థమైంది. పాలు పితికేటప్పుడు ఎదురుగా నిలబడి చూడకూడదు. ఎన్ని పాలిచ్చిందో పైకి అనకూడదు. పాకలోంచి వంటింట్లోకి వచ్చేదాకా తపేలా మీద కొంగు కప్పి ఉంచాలి. దీపాలు పెట్టాక ఎవరికీ పాలు పొయ్యకూడదు, తప్పదనుకుంటే అందులో చిన్న బొగ్గుముక్క వేసి ఇవ్వాలి. దాని మెడలో నల్లతాడుకి గవ్వలు, పాక గుమ్మానికి తెగిన చెప్పు. "ఇవన్నీ ఎందుకండీ అత్తయ్యా?" అని అడిగాను ఒకసారి. "ఏమోనమ్మా, మా అమ్మ చేసేది. మా అమ్మ గేదెలు బాగుండేవి" అన్నారు. అంతకుమించి ఆవిడ వాదించలేదు, నేనూ వాదించలేదు.

ఒక్క సంగతి మాత్రం నాకు ముచ్చటగా ఉండేది. పితుకుతున్నంతసేపూ ఆవిడ గేదెతో మాట్లాడేవారు. మాతో చెప్పని సంగతులన్నీ దానితో చెప్పేవారు. "మోకాలు నెప్పే పిల్లా" అనేవారు. "ఆయనకి నిన్న కూరలో ఉప్పెక్కువైందంట, విన్నావా" అనేవారు. పెళ్ళాం మనసులో ఏముందో తెలుసుకోవాలంటే మా మావయ్యగారికి ఒకటే మార్గం. పొద్దున్నే వేపపుల్ల పట్టుకుని పాక గోడ అవతల నిలబడి ఆ పళ్ళే తోముతూ ఉండేవారు. నాకు తెలిసి ఆ ఊళ్ళో అంతసేపు పళ్ళు తోముకునే మనిషి మరొకరు లేరు.

నేను వెళ్ళిన మరుసటి ఏడు గేదె ఈనింది. మాయ పడేదాకా అత్తగారు పాకలోంచి కదల్లేదు. పడ్డాక దాన్ని వరిగడ్డిలో చుట్టి, చిరిగిన బుట్టలో పెట్టి, కాలవ గట్టున మేడిచెట్టు కొమ్మకి కట్టించారు. గిల్లితే పాలు కారే చెట్టుకి కడితే గేదెకి పాలు బాగా పడతాయట. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దూరం నుంచి చూశాను. జున్నుపాలు వీధి వీధంతా పంచారు. జున్నుపాలు అమ్మకూడదు. పుచ్చుకున్నవాళ్ళు గిన్నె కడిగి ఇవ్వకూడదు, కడిగితే పాడి కడుక్కుపోతుందని. అడుగున ఒక బెల్లంముక్కో గుప్పెడు బియ్యమో వేసి, ఆ జిడ్డుతోనే తిరిగి పంపాలి. వీధిలోవాళ్ళందరూ శ్రద్ధగా కడక్కుండా పంపిన గిన్నెలన్నీ చివరికి నా ముందుకొచ్చి పడ్డాయి. వాటిని తోముతూ ఆ ఆచారం పెట్టినవాళ్ళని మనసులో బాగానే తిట్టుకున్నాను.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. దూడ విరేచనాలు పట్టుకుని తెల్లగా పారడం మొదలుపెట్టింది. బంటుమిల్లి నుంచి పశువుల డాక్టరుగారు వచ్చి మందిచ్చారు, అయినా దక్కలేదు. కాస్త ఉప్పు వేసి చేలో ఓ మూల పాతిపెట్టించారు. గేదె దానికోసం అరుస్తూనే ఉంది. మర్నాడు చుక్క పాలివ్వకుండా నిలబడింది.

పల్లెటూరి వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు, నాలాంటి ప్యాకెట్ పాలవాళ్ళ కోసం చెబుతున్నాను. దూడ వచ్చి నాలుగు గుక్కలు కుడిచేసరికి గేదె మనసు కరిగి పాలు కిందికి వదులుతుంది. దాన్నే చేపడం అంటారు. అది చేపకపోతే ఎవరెంత పిండినా చుక్క రాదు. దూడ పోయినప్పుడు అందుకే ఒక ఉపాయం చేస్తారు. దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కుక్కి, కుట్టించి, గేదె ముందు నిలబెడతారు. అది నాకి నాకి తన బిడ్డే అనుకుని చేపుతుంది. అలాంటి గడ్డి దూడ ఆ రోజుల్లో ఏదో ఒక పాకలో కనిపిస్తూనే ఉండేది. మావయ్యగారు దూడని పాతకముందే ఆ పనికి మనిషిని పిలవబోతే అత్తగారు అడ్డం పడ్డారు.

"పోయిందని దానికి తెలుసండీ. తెలిసే ఏడ్చింది. ఇప్పుడు తోలు తెచ్చి చూపించి, లేదే, బతికే ఉందే అని చెప్పమంటారా? నా వల్ల కాదు."

"మరి పాలో?"

"అడుగుతాను. ఇస్తే ఇస్తుంది."

నిజంగానే అడిగారు. పొద్దునా సాయంత్రం తవుడు, తెలకపిండి కలిపి ముందు పెట్టి, పక్కన కూర్చుని, దాని డొక్క మీద చెయ్యి వేసి మాట్లాడుతూ ఉండేవారు. తపేలా కూడా తీసుకెళ్ళేవారు కాదు. అలా కొన్నాళ్ళు గడిచాక ఒకనాటి సాయంత్రం గేదె ఆవిడ మోచెయ్యి నాకడం మొదలుపెట్టింది. చన్నుల చివర్ల పాలు బొట్లు కట్టాయి. ఆవిడ లోపలికి కేకేసిన తీరుకి నేను ఏ పామో వచ్చిందనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తాను. అప్పటి నుంచి ఆ గేదె ఆవిడ ఒక్కరికే చేపేది. ఇంకెవరు కూర్చున్నా పాలు పైకి లాగేసుకునేది.

ఈ వైభవం మధ్యలో ఆవిడ ఆరోగ్యం సంగతి బయటపడింది. చాలాకాలంగా అధిక రక్తస్రావంతో బాధపడుతూ ఎవరికీ చెప్పలేదట. గేదెకి చెప్పే ఉంటారు, కానీ ఆ మాట చెప్పిన రోజు మావయ్యగారు పళ్ళు తోముకోవడానికి రాలేదు కాబోలు. బందరులో డాక్టరమ్మ చూసి గర్భసంచి తీసెయ్యాలన్నారు. ఒంట్లో రక్తం బొత్తిగా లేదనీ, ముందు అది ఎక్కించి ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామనీ అన్నారు. ఇంటికొచ్చాక కూడా కొన్ని నెలలు బరువులెత్తకూడదు, గొంతుక్కూర్చోకూడదు. ఆ చివరి మాట విన్నప్పుడే ఆవిడ ముఖం వాడిపోయింది. గొంతుక్కూర్చోకుండా పాలెలా పితకాలి?

ఆసుపత్రికి బయల్దేరేముందు ఆవిడ మమ్మల్ని పాకలోకి పిలిచారు. దూలానికి వేళ్ళాడుతున్న పాత నేత చీర చూపించారు. ఆవిడ పాకలో పనికి కట్టుకునే చీర అది. "పితికేవాళ్ళు ఇది చుట్టుకోండి. నేననుకుంటుంది" అన్నారు. ఇది ఆవిడ కనిపెట్టింది కాదు, మా వైపు పాత పద్ధతే. కాన్పుకి పుట్టింటికి వెళ్ళే ఆడవాళ్ళు తాము కట్టి విడిచిన చీర పాకలో వదిలి వెళ్తారు. గేదెని అమ్మినప్పుడు పలుపు తాడు తమ దగ్గరే ఉంచుకుంటారుగాని, పితికే మనిషి చీర మాత్రం కొన్నవాళ్ళకి ఇచ్చి పంపుతారు.

పితికేవాళ్ళు అంటే ఎవరు? మా ఆయన ఉద్యోగం బందరులోనే కాబట్టి ఆసుపత్రి పనులు ఆయన, మా ఆడపడుచు చూసుకోవాలి. ఇంట్లో మిగిలింది మావయ్యగారూ నేనూ. నా వైపు ఎవరూ చూడలేదు. గుడివాడ పిల్ల, పేడ చూస్తే ఆమడ దూరం జరుగుతుంది, దానికేం చేతనవుతుంది అనుకున్నారు. నాకేం కష్టం కలగలేదు సరికదా, లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను.

మా మావయ్యగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయనంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. ఆయన పంచెలు ఆయనే ఉతుక్కుని, ఆయనే నీలిమందు పెట్టి, ఆయనే గంజి పెట్టుకునేవారు. ఇంకొకరు ఉతికితే తెల్లదనం రాదని ఆయన నమ్మకం. అలాంటి మనిషి భార్య కోసం, గేదె కోసం చీర చుట్టుకోవడానికి ఒప్పుకున్నారు. మీసాలున్న మనిషి అందుకు ఒప్పుకోవడమే గొప్ప. కానీ చీరని కర్రతో కిందికి దించి, వాసన చూసి, మొహం చిట్లించి, "కట్టుకునేదే ఆడవాళ్ళ చీర. శుభ్రంగా అయినా ఉండద్దూ?" అన్నారు.

అని తిన్నగా కాలవకి పట్టుకెళ్ళి సబ్బు పెట్టి ఉతికారు. ఊరికే ఉతికి ఊరుకుంటే ఆయన మా మావయ్యగారెందుకవుతారు? అలవాటు కొద్దీ నీలిమందు, గంజి కూడా పెట్టారు. చీర ఆరేదాకా ఎండలో కాపలా ఉన్నారు. సాయంత్రం దాన్ని పంచె మీదే చుట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని, తపేలాతో పాకలోకి వెళ్ళారు. గేదె మేత నమలడం ఆపి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆయన వంగి కూర్చోబోయేసరికి గంజి చీర ఫెళఫెళమంది. అంతే. ఒక్క తన్నుకి తపేలా గుమ్మం దాటింది, మావయ్యగారు పేడలో పడ్డారు. సరిగ్గా అప్పుడే మజ్జిగకని పక్కింటి పిన్నిగారు వచ్చారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయారు.

"అమ్మాయ్, ఇది మీ అత్తయ్య చెవిన పడకూడదు" అన్నారు మావయ్యగారు, పేడలోంచి లేవకుండానే. నేను తల ఊపాను. పిన్నిగారి నోటికి మాత్రం నేను హామీ ఇవ్వలేదు.

మర్నాడు ఆ పిన్నిగారే వచ్చి ప్రయత్నం చేశారు. ఆవిడకి చెయ్యి తిరిగిన పనే, అయినా ఫలితం లేదు. "ఇంజక్షనిస్తే క్షణంలో చేపుతుంది అన్నయ్యగారూ, ఇప్పుడందరూ చేసేది అదే" అన్నారు. "వద్దమ్మా. అది తెలిస్తే మా ఇంటావిడ సెలైన్ సీసాతో సహా లేచొచ్చేస్తుంది" అన్నారు మావయ్యగారు. పొదుగు రోజురోజుకీ బిగిసిపోతోంది. ఆయన వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టేవారు, అంతవరకు మాత్రం గేదె ఓర్చుకునేది. ఇలాగే ఉంటే పొదుగు వాచి చెడిపోతుంది, లేకపోతే వట్టిపోతుంది. వట్టిపోయిన గేదెని కొనేవాళ్ళు దాన్ని ఎక్కడికి తోలుకెళ్తారో అందరికీ తెలుసు. ఆ గతి పట్టకముందే ఇంకో పాడి ఇంటికి చేరితే దానికే మంచిదని మావయ్యగారు ఆలోచించి, గుడివాడ వైపు పశువుల బేరగాడికి కబురు పెట్టారు. అప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "మీ అత్తయ్యకి ఇంటికొచ్చాక చెబుదాం" అన్నారు.

రేపు ఆపరేషన్ అనగా నేను క్యారేజీ తీసుకుని బందరు వెళ్ళాను. మా అత్తగారు జన్మలో మొదటిసారి నైటీ వేసుకుని, దాని మీద తువ్వాలు కప్పుకుని, మంచం మీద ముడుచుకుని కూర్చున్నారు. మా ఆడపడుచు క్యారేజీ విప్పడానికి అటు తిరగగానే నా చెయ్యి పట్టుకున్నారు.

"చేపుతోందా?"

మా ఆయన అప్పటికి రోజూ చేపుతోందనే చెబుతున్నారు. నాకు ఆ కళ్ళలోకి చూసి ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. "లేదత్తయ్యా" అన్నాను. మావయ్యగారు చీర ఉతికిన సంగతి, గంజి సంగతి, తన్ను సంగతి అన్నీ చెప్పేశాను. బేరగాడి మాట మాత్రం మింగేశాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మంచం కిందికి వంగబోయి, నేను ఆపితే, "ఆ సంచీ తియ్యి" అన్నారు. అందులో ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆవిడ మార్చి మార్చి కట్టిన రెండు చీరల్లో ఒకటి ఉంది, ఉతకడానికి ఇంటికి పంపాలని పెట్టింది.

"ఇది పట్టుకెళ్ళు. నువ్వు కట్టుకుని కూర్చో."

"నేనా? దీనికి పాక వాసన లేదు కదండీ."

"పాక వాసన దానికెందుకే, దాని దగ్గర బోలెడుంది. దానిక్కావలసింది నా వాసన. నిన్ను రోజూ చూస్తానే ఉంది. నేనిటొచ్చాక ముక్కు మూసుకునైనా తవుడు పెట్టేది నువ్వే కదా, అది అన్నీ కనిపెడతానే ఉంటది."

నేను చీర మడత పెడుతుంటే ఆవిడ మళ్ళీ అన్నారు. "తోలు దూడ వద్దన్నాను, చీర మాత్రం ఇస్తున్నానని అనుకోకు. ఆ దూడ లేదు. అది అబద్ధం. నేనున్నాను. తిరిగొస్తాను. కాబట్టి ఇది అబద్ధం కాదు." చెప్పి, ఆవిడ నా వైపు చూశారు. ఆవిడకి నేను జవాబు చెప్పాలని అప్పుడు తెలిసింది. అంతదాకా ఆ మనిషికి కూడా భయం ఉంటుందని నాకు తోచలేదు.

"వస్తారత్తయ్యా" అన్నాను.

బందరు నుంచి బంటుమిల్లి దాకా బస్సులో ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికెళ్ళగానే మావయ్యగారితో చెప్పిన మొదటి మాట, "దీన్ని ఉతక్కండి మావయ్యగారూ." ఆయన సిగ్గుపడుతూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మావయ్యగారు మొదటి బస్సుకి బయల్దేరాలి. అంతకుముందే నేను పాకలోకి వెళ్ళాను. నా చీర మీదే ఆవిడ చీర చుట్టుకున్నాను. చెమట, కొబ్బరినూనె, ఆసుపత్రి మందుల కంపు, వీటన్నిటి అడుగున ఇంకేదో, ఆవిడ పక్కనుంచి వెళ్ళినప్పుడు వచ్చే వాసన. మొదటిసారి నేను ముక్కు మూసుకోలేదు. పొదుగు నీళ్ళతో కడిగి, డొక్క మీద చెయ్యి వేసి, పక్కన కూర్చున్నాను. గేదె తల తిప్పి కొంగుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత నా ముఖం చూసింది. ఇది ఆవిడ కాదని దానికి తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను.

మాట్లాడాలని గుర్తొచ్చింది. ఏం మాట్లాడాలి? అత్తగారిలా నాకు మోకాళ్ళ నెప్పి లేదు. నోటికొచ్చింది మొదలుపెట్టాను. "ఏమే పిల్లా, నాకిక్కడేం బాగాలేదే" అన్నాను. ఆ ఒక్కమాట బయటికొచ్చాక మిగతావి ఆగలేదు. సంవత్సరం దాటినా ఊరందరికీ నేనింకా గుడివాడ అమ్మాయినేననీ, ఈ ఇంట్లో అందరికీ నేను వడ్డిస్తానుగాని నువ్వు తిన్నావా అని నన్నెవరూ అడగరనీ, మా అమ్మని చూడాలనుందనీ చెప్పాను. చివరికి, "ఇవాళ మీ అమ్మకి ఆపరేషనే. నాకు భయంగా ఉందే. నీకు ఆవిడ కాక ఇంకెవరున్నారు? నాకు మాత్రం ఈ ఊళ్ళో ఆవిడ కాక ఎవరున్నారు?" అన్నాను. అన్నాకగాని తెలియలేదు అది నిజమని.

గేదె పెద్దగా ఒక ఊపిరి వదిలింది. నా వేళ్ళ కింద చన్ను మెత్తబడింది. నేను సరిగ్గా లాగకముందే పాలు ధారగా నా చేతి మీద, చీర మీద పడ్డాయి, అంత వెచ్చగా. తపేలా ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూ ఏడుస్తున్నాను. నాకు పితకడం ఏం తెలుసు? సగం నేలపాలైంది, బొటనవేళ్ళు పీకేశాయి, గేదె మాత్రం కాలు కదపలేదు. నేర్చుకునేదాకా ఆగుతానన్నట్టు నిలబడింది. ఆ ఓర్పుకి నేను ఈ రోజుకీ దానికి ఋణపడి ఉన్నాను.

తపేలా మీద కొంగు కప్పి బయటికొస్తే గోడ అవతల మావయ్యగారు, నోట్లో వేపపుల్ల, చేతిలో ప్రయాణం సంచీ. బస్సు వెళ్ళిపోయింది. ఆయన తపేలా వైపు చూడలేదు, ఎన్ని పాలని అడగలేదు. వేపపుల్ల తీసి, "టిఫిను తిన్నావా అమ్మా?" అన్నారు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను ఆ మాట అడగని రోజు లేదు.

ఆయన తర్వాతి బస్సుకి వెళ్ళారు. ఆ పగలంతా నేనూ గేదే మిగిలాం. పని లేకపోయినా పాక చుట్టూనే తిరిగాను. సాయంత్రం మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ చేపింది. పితుకుతుండగా మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎదురుగా నిలబడి చూడకూడదని కేకేశాను. ఆయన గోడ చాటుకి వెళ్ళి, అక్కణ్ణుంచే చెప్పారు. "బాగానే అయింది. మెలకువొచ్చి మొదట ఏమడిగిందో తెలుసా? చేపిందా అని." అప్పుడు గేదె డొక్కకి తల ఆనించాను. నా తలకి పేడ అంటుకుందని ఇంట్లోకి వచ్చాక అద్దంలో చూస్తేగాని తెలియలేదు.

ఆ గేదె మా దగ్గరే ఇంకా చాలా ఈతలు ఈనింది. నా పిల్లలిద్దరూ దాని పాలు తాగి పెరిగినవాళ్ళే. మొదటి కాన్పుకి గుడివాడ వెళ్ళేటప్పుడు నేను విడిచిన చీర దూలానికి వేసి వెళ్ళాను, అప్పటికి మళ్ళీ కూర్చోగలిగిన మా అత్తగారు దాన్ని చుట్టుకుని పితికారట. రెండువేల సంవత్సరం దాటాక ఊళ్ళో పాడి ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి, వాటిలో మాదొకటి. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు వచ్చేది కృతజ్ఞతే. గేదె మీద, చీర ఉతికిన మావయ్యగారి మీద, కడగని జున్ను గిన్నెల మీద కూడా. కానీ నేను చెప్పదలుచుకున్నది అత్తగారు ఇంటికొచ్చిన నాటి సంగతి.

ఆటోలోంచి దిగి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఇంట్లోకి కాకుండా తిన్నగా పాక వైపు నడిచారు. గేదె ఆవిడ గొంతు వినగానే పలుపు తెంచుకునేంత పని చేసింది. ఆవిడ చెయ్యంతా నాకింది. నాకు కాస్త కడుపు మండిన మాట నిజం. ఇన్నాళ్ళూ వేళ్ళు అరగదీసుకున్నది నేనైతే ముద్దులు ఆవిడకి. పాక పక్కనే మంచం వేయించుకుని ఆవిడ పడుకుంటే, నేను నా సొంత చీరలోనే పితకడానికి కూర్చున్నాను. చేపింది. నన్ను చూసి చేపిందో, ఆవిడ పక్కనున్నారని చేపిందో నాకు తెలియదు. ఆవిడ మాత్రం మంచం మీంచి నా చేతుల వైపే చూస్తున్నారు. చూడకూడదన్న నియమం ఆవిడే పెట్టి ఆవిడే తప్పారు.

సరిగ్గా ఆ వేళకి వచ్చాడు బేరగాడు. గేదె చేపిన సంబరంలో మావయ్యగారు అతన్ని రావద్దని చెప్పడమే మర్చిపోయారు. అతను భుజాన తాడు చుట్టతో పాక ముందు నిలబడి, "గేదెని ఇస్తానని కబురెట్టారు కదండీ" అన్నాడు. మావయ్యగారి ముఖం పాలిపోయింది. నాకు చేతులాగిపోయాయి. అత్తగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. జరిగిందంతా ఆవిడకి ఆ ఒక్క చూపులో అర్థమైపోయింది. ఆవిడ అరవలేదు.

"నన్నడుగుతావేంటయ్యా? నాది కాదు. గేదె మా కోడలిది. దాన్నడుగు" అన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా నాది అని ఆవిడ అనుకున్నది ఆ ఒక్కటే. బేరగాడు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇస్తారా?" అన్నాడు.

"అమ్మమండీ" అన్నాను.

అతను తాడు సర్దుకుని వెళ్ళిపోయాడు. మావయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకి తప్పుకున్నారు. అత్తయ్యా అని పిలిచి ఏదో చెప్పబోయాను. ఆవిడ అప్పటికే మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. "నీ గేదెకి కుడితి పెట్టావా?" అన్నారు.

పెట్టలేదు. లేచి వెళ్ళి పెట్టాను.